అచ్చుతప్పులు పట్టే చూపు: నా అనుభవం

మనసు బాగాలేదని నేను డాక్టరు దగ్గరికి వెళ్లలేదు, కడుపులో మంటకు వెళ్లాను. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చేది. ఆ తరువాత తెల్లవారే దాకా మరునాడు చేయవలసిన పనులు ఒకదాని వెంట ఒకటి తలలో తిరిగేవి. పొద్దున లేచేసరికి పుల్లటి తేన్పులు, గుండె కింద మంట. మాత్రలు వాడితే కొన్నాళ్లు తగ్గేది, మళ్లీ మొదలయ్యేది. చివరికి విజయవాడ సూర్యారావుపేటలో ఉదరకోశ వ్యాధుల నిపుణుడు ఒకరు ఎండోస్కోపీ చేసి, పుండు గానీ వాపు గానీ ఏమీ లేవని చెప్పి, ‘ఒకసారి వీరిని కూడా కలవండమ్మా’ అంటూ ఒక మానసిక వైద్యురాలి పేరు రాసిచ్చారు.

ఆ చీటీ నా సంచిలో చాలా రోజులు ఉండిపోయింది. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం వల్ల కాదు, అక్కడికి వెళ్లి ఏమని చెప్పుకోవాలో తెలియక. నాకు దిగులు లేదు, ఏడుపు రాదు, ఇంట్లో గొడవలు లేవు, పనులన్నీ వేళకు జరిగిపోతున్నాయి. ఇంత సవ్యంగా ఉన్న మనిషి మానసిక వైద్యురాలి ముందు కూర్చుని ఆమె సమయం ఎందుకు పాడుచేయాలి? ఇలా ఆలోచించేవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉంటారు, ముఖ్యంగా ఇంటి బరువంతా మోసే ఆడవాళ్లలో. వాళ్లను మనసులో పెట్టుకునే ఇది రాస్తున్నాను. ఏడ్చేవాళ్లను చూసి ఎవరో ఒకరు డాక్టరు దగ్గరికి తీసుకువెళతారు. ఏడవకుండా అన్నీ చక్కబెట్టేవాళ్లను మెచ్చుకుని వదిలేస్తారు.

మానసిక వైద్యురాలు మొదటిరోజు తీరిగ్గా మాట్లాడారు. నిద్ర, ఆకలి, థైరాయిడ్, నెలసరి, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందా అన్న సంగతి, అన్నీ అడిగారు. చేతులు పదేపదే కడుక్కోవాలనిపిస్తుందా, తాళం వేశానో లేదో అని మళ్లీ మళ్లీ వెళ్లి చూస్తారా, వద్దన్నా తలలోకి దూరే భయంకరమైన ఆలోచనలు ఉన్నాయా అని అడిగారు. లేవన్నాను. ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే జబ్బు ఉన్నవారికి ఆ ఆలోచనలు తమకు ఇష్టం లేనివిగా, తమ తీరుకు సరిపడనివిగా అనిపిస్తాయని, వాటిని వదిలించుకోవడానికి నానా తంటాలు పడతారని, నా సంగతి అది కాదని చెప్పారు. ‘మీకున్నది మీకు ఇబ్బందిగా తోచడం లేదు, మంచి పద్ధతిగా తోస్తోంది. అందుకే అది ఇన్నేళ్లూ బయటపడలేదు’ అన్నారు. ఆందోళన తగ్గడానికి తక్కువ మోతాదులో ఒక మాత్ర రాశారు. దాని ప్రభావం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, బాగుంది కదా అని మధ్యలో సొంతంగా ఆపేయవద్దని గట్టిగా చెప్పారు. అసలు పని మాత్రతో జరగదంటూ అదే ఆసుపత్రిలో ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపించారు.

ఈ సైకాలజిస్టు నాకంటే పదేళ్లయినా చిన్నవారు. ముందు ఒక ప్రశ్నావళి చేతికిచ్చి, నెమ్మదిగా నింపమని బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ప్రతి వాక్యం పక్కనా ‘ఎప్పుడూ లేదు’ నుంచి ‘దాదాపు ఎప్పుడూ’ వరకు గళ్లు ఉన్నాయి. నింపి ఇచ్చాను. ఆమె పైనుంచి కిందికి చూసి, ఒక చోట వేలు పెట్టి, కాగితాన్ని నా వైపు తిప్పారు. ‘నేను వంటరిగా ఉన్నానని అనిపిస్తుంది’ అన్న వాక్యం అది. అందులో ‘వం’ కొట్టేసి, పైన ‘ఒం’ రాసి, అంచున ప్రూఫు గుర్తు కూడా పెట్టి ఉంది. పక్కనున్న గళ్లలో మాత్రం దేనిలోనూ టిక్కు లేదు.

‘ఈ ఒక్కదానికే జవాబు లేదండీ’ అన్నారు.

‘చూసుకోలేదు. ఇప్పుడు పెడతాను, ఇవ్వండి.’

‘వద్దండీ, అలాగే ఉండనివ్వండి’ అని ఆ కాగితాన్ని ఫైలులో పెట్టుకున్నారు.

నేను ప్రూఫులు దిద్దుతాను. ఏలూరు రోడ్డు మీది ప్రచురణకర్తలకు ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్న పని ఇది. కంప్యూటరులో పేజీలు కూర్చే డీటీపీవాళ్ల నుంచి ఫారాలు, అంటే పుస్తకపు పేజీల కట్టలు, సత్యనారాయణపురంలోని మా ఇంటికి వస్తాయి, దిద్ది పంపిస్తాను. గుడి ఉండవలసిన చోట గుడి దీర్ఘం, ‘శ’ ఉండవలసిన చోట ‘స’, ఒకే మనిషి పేరు ఒక అధ్యాయంలో ఒక రకంగా, మరో అధ్యాయంలో మరో రకంగా ఉండటం, ఇవన్నీ నా కంటికి వెంటనే చిక్కుతాయి. పేజీ మొత్తం చూడకముందే తప్పు కనిపిస్తుంది. ఈ పనిలో నాకు మంచి పేరుంది, ఆ పేరు నాకు ఇష్టం. ఒకసారి ఒక పెద్దాయన తన నవల తుది ప్రూఫు తీసుకోవడానికి ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ ‘కథ ఎలా ఉందమ్మా?’ అని అడిగారు. చివరి ఫారాల్లో తప్పులు బాగా తగ్గాయని చెప్పాను. ఆయన ఇంకా ఏదో వింటానన్నట్టు నా వైపే చూస్తూ కూర్చున్నారు. భార్య పోయిన తరువాత ఒక ముసలాయన పల్లెలో ఒక్కడే గడిపే ఏడాది ఆ నవల. అందులో ప్రతి అక్షరాన్నీ రెండుసార్లు చూసినదాన్ని, అది దేని గురించో నాకు ఆ క్షణంలో తట్టలేదు.

ఈ సంగతి రెండో కలయికలోనో మూడోదానిలోనో చెప్పినప్పుడు సైకాలజిస్టు గారు మొదటిసారి డేవిడ్ షపీరో పేరు ఎత్తారు. అమెరికన్ సైకాలజిస్టు, 1965లో న్యూరోటిక్ శైలుల మీద పుస్తకం ప్రచురించిన మనిషి. న్యూరోసిస్ అన్న పేరు అంతకు చాలా ముందుది. 1769లో స్కాట్లండ్ వైద్యుడు విలియం కల్లెన్ నాడీ సంబంధమైన జబ్బులన్నిటికీ కలిపి ఆ పేరు పెట్టాడు. ఫ్రాయిడ్ కాలానికి అది మనసు లోపలి సంఘర్షణకు పేరయింది. 1980లో అమెరికా సైకియాట్రీ సంఘం తన నిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో ఆ విభాగాన్ని తొలగించింది. ఇప్పుడు చీటీల మీద ఆ మాట అరుదు. అయినా షపీరో చెప్పిన సంగతికి కాలం చెల్లలేదని ఆమె నమ్మకం, ఇప్పుడు నా నమ్మకం కూడా.

ఆయనకు ముందువాళ్లు ఎక్కువగా మనిషి లోపల ఏమి దాచుకున్నాడో వెతికారు. షపీరో మనిషి చూసే తీరు మీద దృష్టి పెట్టాడు. మనిషి దేనిని ఎలా గమనిస్తాడు, ఎలా ఆలోచిస్తాడు, ఆవేశం అతనిలో ఎలా పుడుతుంది లేదా ఎక్కడ ఆగిపోతుంది, పని ఎలా మొదలుపెడతాడు, ఇవన్నీ కలిసి ఒకే అచ్చులో ఉంటాయన్నది ఆయన గమనింపు. లక్షణాలు వస్తాయి, పోతాయి. ఈ అచ్చు మాత్రం చిన్నప్పటి నుంచి పెద్దగా మారదు. అబ్సెసివ్ కంపల్సివ్, పారనాయిడ్ (అన్నిటినీ అనుమానించేది), హిస్టీరికల్, ఇంపల్సివ్ (ముందూ వెనుకా చూడకుండా చేసేసేది) అని నాలుగు శైలులను ఆయన వివరించాడు. నాది మొదటిది. పేరు ఒకేలా ఉన్నా ఇది ఓసీడీ జబ్బు కాదు. వ్యక్తిత్వ రుగ్మత అని నిర్ధారించేటంత తీవ్రంగా లేదని, ఆ శైలి మాత్రం స్పష్టంగా ఉందని డాక్టరు గారు చెప్పారు. ఆ తేడా ముఖ్యం. ఈ రాసినది చదివి ఎవరూ తమకు తాము రుగ్మత పేరు తగిలించుకోకూడదు.

అబ్సెసివ్ శైలిలో చూపు చాలా పదునుగా, చాలా సన్నగా ఉంటుంది. టార్చి వెలుగులాగా పడిన చోట పూస గుచ్చినట్టు కనిపిస్తుంది, పక్కన గది ఎంత ఉందో తెలియదు. ఎదుటి మనిషి గొంతులో మార్పు, ఒక సాయంత్రపు ఉల్లాసం, కథలోని దుఃఖం, ఇవి వెతికితే దొరికేవి కావు. చూపు కాస్త వదులైనప్పుడు వాటంతట అవే తగులుతాయి. ఆ వదులు నాకు ఎప్పుడూ లేదు. తీరిక కూడా నాకు చేయవలసిన పనే. ఒక ఆదివారం మా వారు, అమ్మాయి, నేను పడవలో భవానీ ద్వీపానికి వెళ్లాము. ఏ పడవకు వెళ్లాలి, ఎక్కడ తినాలి, ఎండ ఎక్కేలోపు ఏమేమి చూడాలి, ఏ పడవకు తిరిగి రావాలి, అన్నీ ముందే రాసుకున్నాను. అనుకున్నవన్నీ అనుకున్న వేళకు జరిగాయి. ఇంటికి వచ్చాక ‘బాగా జరిగింది’ అన్నాను. మా వారు ‘నీకు బాగుందా?’ అని అడిగారు. రెండూ ఒకటే కదా అనుకున్నాను.

నిర్ణయాల సంగతి ఇంకా చిత్రమైనది. ఈ శైలి ఉన్నవాళ్లు లాభనష్టాలను రెండు వరుసలుగా రాసుకుంటారు, ఒక వరుస పెరిగితే రెండో వరుసకు కూడా ఏదో ఒకటి దొరుకుతుంది, చివరికి ఏదీ తేలదు. గడువు మీద పడినప్పుడు ఒక్కసారిగా కళ్లు మూసుకుని ఏదో ఒకదానిలోకి దూకేస్తారు. అంత ఆలోచన జరిగాక వచ్చిన నిర్ణయం కూడా ఆ ఆలోచనలోంచి పుట్టినది కాదు. అమ్మాయి కాలేజీ విషయంలో వారాల పాటు పట్టికలు గీసి, ఆఖరి రోజు సాయంత్రం ఆ పట్టిక వైపు కూడా చూడకుండా ఫీజు కట్టిన సంగతి సైకాలజిస్టు గారికి నేనే చెప్పాను. ‘మీకు ఏది కావాలో తెలియనప్పుడు ఏది సరైనదో వెతుకుతారు’ అన్నారామె. నేను ఆ మాట నోటుపుస్తకంలో రాసుకోబోతుంటే, రాసుకోకుండా ఒక్క నిమిషం ఊరికే కూర్చోమన్నారు. ఆ నిమిషం నాకు చాలా కష్టంగా గడిచింది.

మా సంభాషణలో ఎక్కువ భాగం గుంటూరు ఇంటి చుట్టూ తిరిగింది. నాన్నగారు పోయాక బ్రాడీపేటలోని ఇల్లు మా ముగ్గురికీ వచ్చింది: అక్క, నేను, తమ్ముడు. తమ్ముడు అమ్మేద్దామంటాడు. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఇంటి పన్ను రసీదులు, అన్నీ నేనే తెచ్చి, తేదీల వారీగా ఫైలు చేశాను. ఒక మధ్యాహ్నం ఈ వ్యవహారమంతా సైకాలజిస్టు గారికి పూర్తిగా చెప్పాను. ఆమె చివరి దాకా విని ఇలా అడిగారు:

‘మీకు ఆ ఇల్లు అమ్మాలని ఉందా?’

‘ఇప్పుడు అమ్మడమే సబబు. ముగ్గురమూ మూడు చోట్ల ఉన్నాము. చూసుకునేవాళ్లు లేరు.’

‘సబబు సంగతి కాదండీ. మీకు ఉందా?’

‘తమ్ముడికి డబ్బు అవసరం. పెద్దవాళ్లం సర్దుకోవాలి.’

‘అది మీ బాధ్యత. నేను మీ కోరిక అడుగుతున్నాను.’

నా దగ్గర జవాబు లేదు. దాచుకున్న జవాబు కాదు, నిజంగానే లేదు. లోపలికి చూసుకుంటే అక్కడ ఫైలే కనిపించింది. ఇన్నేళ్లుగా ‘చేయాలి’, ‘ఉండాలి’, ‘తప్పదు’ అన్న మాటలే నన్ను నడిపించాయి. కారెన్ హార్నీ అనే జర్మన్ అమెరికన్ మనోవిశ్లేషకురాలు 1950లోనే ఈ ‘చేయాలి’ల దౌర్జన్యం గురించి రాశారట. మనిషి తానే తన మీద ఒక పర్యవేక్షకుణ్ణి కూర్చోబెట్టుకుంటాడు. ఆ పర్యవేక్షకుడి హుకుములు ఎంత సహజంగా వినిపిస్తాయంటే, అవి తన ఇష్టాలేననుకుంటాడు. ఆ కలయిక తరువాత బందరు రోడ్డు మీద ఆటో ఎక్కాక నాకు గట్టిగా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. కోపం వచ్చినట్టు తెలియడమే నాకు కొత్త.

అక్క విషయం ఇక్కడ చెప్పాలి. నాన్నగారి చివరి నెలలు ఆసుపత్రి, మందులు, డాక్టర్లతో మాట్లాడటం నా వంతు. అక్క నెల్లూరు నుంచి వచ్చేది, ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేది, గంట తరువాత పిల్లల కబుర్లు చెప్పి ఆయన్ను నవ్వించేది, వెళ్లిపోయేది. పన్నెండో రోజున బంధువులతో ‘నాన్నగారికి ఏ బాధా లేదండీ, నిద్రలో పోయినట్టు పోయారు’ అంది. నాకు ఒళ్లు మండింది. ఆయన చివరి పది రోజులు ఎలా గడిచాయో గంటల లెక్కన నా దగ్గర రాసి ఉంది. ‘అక్కా, అలా కాదు’ అని అందరి ముందూ చెప్పబోయాను. ‘నీకన్నీ లెక్కలేనే!’ అని ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయింది. ఆ తరువాత చాలా కాలం మా మధ్య ముక్తసరి మాటలే.

షపీరో వివరించిన హిస్టీరికల్ శైలి గురించి తెలుసుకున్నప్పుడు అక్క ఆ మాట ఎందుకు అందో అర్థమైంది. మన వాడుకలో హిస్టీరియా అంటే ఊగిపోవడమని అర్థం, ఆయన చెప్పింది అది కాదు. ఆ శైలిలో మనసు వివరాలను పట్టుకోదు, మొత్తం మీద కలిగిన ముద్రను పట్టుకుంటుంది. ఎవరు ఎలాంటివారు అంటే ‘బంగారం’ అనో ‘రాక్షసుడు’ అనో వెంటనే జవాబు వస్తుంది, ఎందుకు అంటే చెప్పలేరు. ఉద్వేగం వేగంగా వచ్చి, అంతే వేగంగా పోతుంది. గుర్తు పెట్టుకునేది కూడా అలాగే ఉంటుంది. అక్క అబద్ధం చెప్పలేదు. ఆమెకు నాన్నగారు నవ్విన గంట మిగిలింది. నాకు ఏ మాత్ర ఏ వేళకు వేశామో మిగిలింది. ఆయన ముఖం ఎలా ఉండేదో చెప్పమంటే, నేను అక్కను అడిగి తెలుసుకోవలసి వచ్చేది. ఇది తెలిసినప్పుడు నాకు అక్క మీద కోపం పోయిందని చెప్పను. అసూయ కలిగింది.

బావగారిది మరో తీరు, షపీరో చెప్పిన పారనాయిడ్ శైలికి దగ్గరది. ఇల్లు కొంటామని ఒకాయన వచ్చినప్పుడు కాఫీ ఇస్తే తాగలేదు. ఆయన వెళ్లాక బావగారు చాలాసేపు ఆ కాఫీ గురించే మాట్లాడారు. ఏదో దాస్తున్నాడు కాబట్టే మన ఇంట్లో మొహమాటానికి లోబడకుండా జాగ్రత్తపడ్డాడన్నది ఆయన తీర్మానం. ఆయన చూపు కూడా నా చూపు లాగే పదునైనది, చిన్న వివరాన్ని వదలదు. కానీ నేను వివరం దగ్గరే ఆగిపోతాను, దాని వెనుక ఏముందో నాకు పట్టదు. ఆయన వివరం వెనక్కి వెళతారు, పైకి కనిపించేదాన్ని నమ్మరు, ముందే అనుకున్న మోసానికి ఆధారం కోసం వెతుకుతారు. ఈ పోలిక నాకు తట్టినప్పుడు ఉత్సాహంగా సైకాలజిస్టు గారికి చెప్పాను. ఆమె మెచ్చుకోలేదు. ఇంట్లోవాళ్లందరికీ చీటీలు అంటించడం కూడా దిద్దే పనేనని, వాళ్లతో కూర్చుని మాట్లాడవలసిన పనిని ఆ చీటీ తప్పిస్తుందని అన్నారు. అందుకే తమ్ముడి గురించి ఇక్కడ ఏమీ రాయడం లేదు.

ఆమె ఇచ్చిన పనుల్లో అన్నిటికంటే పెద్దది పైకి చాలా చిన్నది: చేతిలో పెన్ను లేకుండా ఒక కథ చదవడం. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్టులో ఒక కథల సంపుటి కొన్నాను. మొదటి పేజీలోనే అచ్చుతప్పు. చెయ్యి దానంతట అది పెన్ను కోసం వెళ్లింది. ఆ తప్పును వదిలి ముందుకు వెళుతుంటే ఛాతీ బిగుసుకుంది, అదే పాత మంట మొదలైంది. కడుపుకూ ఈ చూపుకూ ఉన్న సంబంధం నాకు తెలిసింది అప్పుడే. రాత్రి రెండింటికి వచ్చే మంట కూడా ఇదే కావచ్చు: ఎక్కడో ఏదో దిద్దకుండా మిగిలిపోయిందన్న కంగారు. మంట ఉండగానే చదవమని, అది పెరిగి తగ్గేదాకా ఆగమని ఆమె ముందే చెప్పారు. పెరిగింది, కొంతసేపటికి తగ్గింది. చాలా ప్రయత్నాల తరువాత ఒక కథ చివరిదాకా వెళ్లగలిగాను. ఒక తల్లి కొడుకు ఉత్తరం కోసం ఎదురుచూసే కథ.

ఉత్తరం అనగానే నాకొకటి గుర్తొచ్చింది, మరుసటిసారి ఆమెకు చెప్పాను. నాన్నగారు తెలుగు మాస్టారు. నేను ఇంటర్మీడియెట్‌కు విజయవాడలో హాస్టలులో చేరాను. గుంటూరు దగ్గరే అయినా పండగలకు తప్ప పంపేవారు కాదు. నేను ఇంటికి రాసిన ఉత్తరాలను ఆయన ఎర్ర సిరాతో దిద్ది, మళ్లీ నాకే పంపేవారు. దీన్ని నేను ఎప్పుడూ గర్వంగా చెప్పుకునేదాన్ని. నాకు భాష అబ్బింది ఆయన వల్లేనని. సైకాలజిస్టు గారు ‘మీ ఉత్తరంలో ఏమి రాశారు?’ అని అడిగారు.

‘మొదటిదానిలో ‘సాయంత్రం’ తప్పు రాశాను. ‘సాయింత్రం’ అని.’

‘సాయంత్రం గురించి ఏమి రాశారు?’

సాయంత్రమైతే ఇల్లు గుర్తొస్తోందని రాశాను. ఆ వాక్యం మీద ఎర్ర సున్నా తప్ప మరేమీ రాలేదు. ఆయన నుంచి ఆ మాటకు జవాబు రాలేదన్న సంగతి, దాదాపు ముప్పై అయిదేళ్ల తరువాత, సూర్యారావుపేటలో ఆ గదిలో కూర్చుని ఉండగా నాకు తోచింది. ఏడుపు వచ్చింది. ఎక్కువసేపు కాదు. ఆమె నీళ్ల గ్లాసు ముందుకు జరిపి, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు.

ఇంతటితో కారణం దొరికిపోయిందని నేను అనుకోవడం లేదు, ఆమె కూడా అలా అనలేదు. కవలల మీద జరిగిన అధ్యయనాలు వ్యక్తిత్వ లక్షణాల తేడాల్లో 40 నుంచి 50 శాతం వరకు వారసత్వానిదే పాత్ర అని చెబుతున్నాయి. క్రమబద్ధత, పొదుపు, మొండితనం ఒకే మనిషిలో కలిసి ఉండటాన్ని ఫ్రాయిడ్ 1908లోనే గమనించి, పసితనపు అలవాట్లలో దానికి మూలం వెతికాడు, ఆ వివరణను ఇప్పుడు చాలామంది అంగీకరించరు. నాన్నగారూ నేనూ ఒకే అచ్చు కావచ్చు. ఆయనకు ప్రేమ చూపించడానికి తెలిసిన దారి దిద్దడమే కావచ్చు. అదే ఉత్తరాలు అక్కకు వచ్చి ఉంటే, ఒక్కటి కూడా దాచుకోకుండా, ‘నాన్నగారు నాకు ఎంత బాగా ఉత్తరాలు రాసేవారో!’ అని చెప్పుకునేది.

మార్పు గురించి అడిగేవారికి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నిద్ర మెరుగైంది, మంట చాలావరకు తగ్గింది. ఇందులో మాత్ర వాటా ఎంత, మాటల వాటా ఎంత అన్నది విడదీయలేను. జాబితాలు ఇప్పటికీ రాస్తాను. తేడా ఏమిటంటే, ‘చేయాలి’ అని మనసులో అనుకున్నప్పుడు, ఎవరు చెబుతున్నారు అని ఒకసారి ఆగగలుగుతున్నాను. ఎప్పుడూ కాదు. భావం నాకు ఇప్పటికీ ఆలస్యంగానే అందుతుంది, సంఘటన జరిగిన సాయంత్రమో మర్నాడో. ఇదివరకు అసలు అందేది కాదు. శైలిని తీసి పారేయడం ఈ చికిత్స పని కాదని ఆమె మొదటే చెప్పారు. దాన్ని కొంచెం వదులు చేయడం, కావలసినప్పుడు వాడి, అక్కర్లేనప్పుడు పక్కన పెట్టగలగడం, అంతవరకే.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని సంగతులు. కౌన్సెలింగ్ అని బోర్డు పెట్టిన ప్రతివారూ శిక్షణ పొందినవారు కారు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉంటుంది, అడిగితే వాళ్లేమీ అనుకోరు. ఒక్కో కలయిక సాధారణంగా ముప్పావు గంట, దానికి డబ్బు అవుతుంది. అంత పెట్టలేనివాళ్లు ముందు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు. 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోను సేవ ఉంది. 14416కు ఫోను చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. మొదటి రెండు మూడు కలయికల్లో ఏమీ జరగనట్టే ఉంటుంది. నాలాంటివాళ్లు ఆ దశలో దాన్ని కూడా చక్కగా చేసి మార్కులు తెచ్చుకోవాలని చూస్తారు. సైకాలజిస్టు ఇచ్చిన పనిని అందంగా నింపి తీసుకువెళతారు. ఆ సంగతి కూడా ఆమెతోనే చెప్పండి. నా విషయంలో అక్కడి నుంచే మాట కదిలింది.

ఇంటి సంగతి. ఒకరోజు అక్కకు ఫోను చేసి, ‘నాకు అమ్మాలని లేదక్కా’ అన్నాను. కారణం అడుగుతుందేమోనని భయపడ్డాను, నా దగ్గర కారణం లేదు. అక్క కారణం అడగలేదు. ‘నాకూ లేదే. నువ్వు ఫైలు తయారుచేసేశావు కదా అని ఊరుకున్నాను’ అంది. ఇద్దరమూ కలిసి తమ్ముడి వాటాకు డబ్బు ఇచ్చేటట్టు, వాడు హక్కు విడుదల పత్రం రాసిచ్చేటట్టు మాట్లాడుకున్నాము. అన్ని వైపులా మోసం చూసే బావగారు కూడా ఒప్పుకున్నారు. డాక్యుమెంట్ రైటరు చిత్తుప్రతి పంపిస్తే నేను చదివాను, ఈసారి చేతిలో పెన్నుతో. షెడ్యూలులో తూర్పు హద్దూ పడమటి హద్దూ తారుమారుగా ఉన్నాయి, నాన్నగారి ఇంటిపేరులో ఒక అక్షరం పోయింది. రెండూ దిద్ది పంపాను. వచ్చే నెల రిజిస్ట్రేషన్. ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లోనే వంట చేసుకుందామని అక్క అంటోంది. ఏమి వండాలో ఇంకా అనుకోలేదు.